పెద్దక్క వినని గంట

ఆ కౌన్సెలింగ్ కేంద్రంలో పెద్దక్క అసలు పేరు హాజరు పట్టీకి తప్ప ఎవరికీ అక్కర్లేదు. ఇరవై రెండేళ్ళ కిందట అందరికంటే ముందు చేరింది కాబట్టి పెద్దక్క. ఆమె తర్వాత చేరిన బాబాయ్ ఆమెకంటే రెండేళ్ళు చిన్న. పిల్లల కేసులు చూస్తాడని ఎవరో బాబాయ్ అన్నారు, అది అలాగే అతుక్కుపోయింది. ఆయన ఆమెని పెద్దక్కా అంటాడు, ఆమె ఆయన్ని బాబాయ్ అంటుంది. ఈ వరసలో ఎవరు ఎవరికి ఏమవుతారో తేల్చాలంటే ఒక పూట పడుతుంది. అక్కడ ఎవరికీ అంత తీరిక లేదు.

కేంద్రం మొదటి అంతస్తులో ఉంటుంది. కింద జిరాక్స్ షాపు, పైన పళ్ళ డాక్టరు. మెట్లు లెక్కపెట్టుకోకుండా ఎక్కినవాళ్ళు బుగ్గ పట్టుకుని పొరపాటున పెద్దక్క గదిలోకి వచ్చేసేవారు. ఒకాయన అలాగే వచ్చి కూర్చుని, "నొప్పండీ" అన్నాడు. "ఎప్పటినుంచి?" అంది పెద్దక్క. అంతే, ముప్పావుగంటలో ఆయన తన అన్నతో పదేళ్ళుగా ఎందుకు మాట్లాడ్డంలేదో మొత్తం చెప్పేసి, కళ్ళు తుడుచుకుని, అక్కడినుంచే అన్నకి ఫోన్ చేశాడు. పన్ను సంగతి వీధిలోకి వెళ్ళాక గుర్తొచ్చిందట. పెద్దక్క వినికిడి అలాంటిది. గోడ ఎదురుగా కూర్చున్నా గోడ చేత మాట్లాడించగలదని బాబాయ్ అనేవాడు.

ఆమె విద్యంతా "ఊఁ"లో ఉంది. పొట్టి ఊఁ ఉంది, దానర్థం "చెప్పండి, నేనెక్కడికీ పోను". సాగదీసిన ఊఁ ఉంది, "అబ్బ, ఎంత కష్టమండీ". కిందకి దిగే ఊఁ, పైకి లేచే ఊఁ, సగంలో ఆగిపోయే ఊఁ. కొత్తగా చేరినవాళ్ళని ఆమె గదిలో ఓ మూల కూర్చోబెట్టి నేర్చుకోమనేవారు. వాళ్ళు ఇంటికెళ్ళి అద్దం ముందు సాధన చేసి, పంటినొప్పి వచ్చినవాళ్ళలా మూలిగేవారు.

ఏడాదిగా మాత్రం ఒక చిక్కొచ్చి పడింది. ఊఁ సరిగ్గా టైముకి పడుతోంది, దాని వెనక మనిషి ఉండట్లేదు.

దీన్ని పెద్దక్క వెంటనే గుర్తుపట్టాల్సింది. ఎందుకంటే ఇతరుల బాధలు వినీ వినీ మనసు మొద్దుబారిపోవడం గురించి ప్రతి జూన్‌లోనూ కొత్తవాళ్ళకి పాఠం చెప్పేది ఆవిడే. అడుగున చిల్లుపడ్డ బకెట్ బొమ్మ వేసిన చార్టు ఒకటుంది ఆమె దగ్గర. దాన్ని గోడకి తగిలించి, బెత్తంతో చిల్లు చూపించి, "జాగ్రత్తమ్మా, ఇది తెలియకుండా పడుతుంది" అని చిలక్కి చెప్పినట్టు చెప్పేది. తెలియకుండానే పడింది మరి.

సోమవారం పదకొండింటికి ఒకావిడ వచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయేమో. బట్టల షాపులో పని. కస్టమర్లు చిందరవందర చేసి వెళ్ళినవాటిని మళ్ళీ మడతపెట్టడమే ఆవిడ ఉద్యోగం. మాట్లాడుతూ మాట్లాడుతూ కళ్ళు తుడుచుకున్న టిష్యూ కాగితాల్ని కూడా నాలుగు మడతలు పెట్టి, అంచులు సరిచేసి, బల్లమీద దొంతరగా పేర్చింది. రిసెప్షన్‌లో నింపిన కాగితంలో "ఏడేళ్ళ కూతురు. జ్వరం. పోయి మూడు నెలలు" అని మాత్రం ఉంది.

మొదటి రెండు నిమిషాలు పెద్దక్క నిజంగానే విన్నది. తర్వాత ఆ మడతలు చూస్తుంటే ఇంట్లో తీగమీద ఉన్న బట్టలు గుర్తొచ్చాయి. బట్టల మీదుగా సబ్బుపొడి గుర్తొచ్చింది. సబ్బుపొడి, ఉల్లిపాయలు, గ్యాస్ బుక్ చెయ్యాలి, ఎదురింటి కుక్క చెప్పు ఎత్తుకుపోయింది, వాళ్ళతో మాట్లాడాలి. తిరిగొచ్చేసరికి ఎదురుగా ఆవిడ భోరున ఏడుస్తోంది. అప్పుడు పెద్దక్కకి జాలి కలగలేదు. విసుగొచ్చింది. "ఇంకెంతసేపు?" అనుకుంది మనసులో. అలా అనుకున్నందుకు తనే ఉలిక్కిపడింది. నోరు మాత్రం దాని పాటికి అది "ఊఁ" అంటూనే ఉంది.

గంట అయ్యాక ఆవిడ లేచి పెద్దక్క రెండు చేతులూ పట్టుకుంది. "మూడు నెలల్నుంచి నా మాట పూర్తిగా విన్నది మీరొక్కరే మేడం" అంది. "గురువారం నాలుగింటికి మళ్ళీ వస్తా."

చెంపదెబ్బ కొట్టినా అంత మంట పుట్టేది కాదు. పెద్దక్క ఫైలు తెరిచింది. విన్నదంతా అందులో రాయాలి, అది అక్కడి పద్ధతి. పెన్ను పట్టుకుని పావుగంట కూర్చుంది. ఆ పిల్లని ఇంట్లో ఏమని పిలిచేవారో కూడా తనకి తెలియదు. చివరికి "విన్నాను" అని రాసి, అదీ కొట్టేసింది. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి ఒక ఫైలు ఖాళీగా బీరువాలోకి వెళ్ళింది.

ఆ సాయంత్రం ఇంట్లో ఉల్లిపాయలు తరిగింది. కావాలనే నాలుగు తరిగింది, ఘాటైనవి ఏరి మరీ. పక్క గదిలో ఫ్యాను మోటారు విప్పుకుంటున్న మొగుడి కళ్ళు ధారగా కారాయిగానీ ఆమె కంట్లో తడి లేదు. ఆయనకి ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేసే షాపుంది, పని ఎక్కువైతే ఇంటికి తెచ్చుకుంటాడు.

"ఏమండీ, నేను రాయినైపోయానంటారా?" అనడిగింది.

ఆయన కళ్ళు తుడుచుకుని, "ఆ సంగతి నాకు తెలీదుగానీ, షాపు పక్కవీధిలోకి మార్చానని నీకు మూడుసార్లు చెప్పా" అన్నాడు. "మూడుసార్లూ నువ్వు 'ఊఁ... అప్పుడు మీకెలా అనిపించింది?' అన్నావు."

"షాపు మార్చారా?"

"వేసవిలో."

"మరి మీరేమన్నారు?"

"సామాన్లు మోసి నడుం పట్టేసినట్టు అనిపించిందన్నా. దానికీ ఊఁ అన్నావు." ఆయన గొంతులో కోపం లేదు. అదే పెద్దక్కకి ఎక్కువ బాధ... కాదు, బాధ అనిపించాలని అనిపించింది. అంతవరకే.

ఈ సంగతి ఎవరికైనా చెప్పుకోవచ్చుగా అంటే, చెప్పుకోవడానికే అక్కడొక ఏర్పాటుంది. ప్రతి కౌన్సెలరూ నెలకోసారి మరో కౌన్సెలర్ ఎదుట కూర్చుని, గంటసేపు తన గుండెల్లో పేరుకున్నదంతా చెప్పుకోవాలి. తర్వాత ఇద్దరూ రిజిస్టర్లో సంతకాలు పెట్టాలి. తేదీ, చెప్పినవారు, విన్నవారు, ఫలితం అని నాలుగు గడులు. పెద్దక్కకి జోడీ బాబాయ్. ఆరేళ్ళ కిందట మొదటి నెలలో ఇద్దరూ కూర్చున్నారు, "మనసు తేలికపడింది" అని రాశారు. రెండో నెల పని ఒత్తిడి. మూడో నెల బాబాయ్, "మీరు నా మాట విన్నట్టు నేను సంతకం పెడతా, నేను మీ మాట విన్నట్టు మీరు పెట్టండి" అన్నాడు. అప్పటినుంచి ఫలితం గడిలో పైనుంచి కిందదాకా "పైదే" గుర్తులు. మూడేళ్ళుగా అయితే ప్రతి జనవరిలోనూ టీ తాగుతూ ఏడాదికి సరిపడా సంతకాలు ఒక్కసారే పెట్టేస్తున్నారు.

మంగళవారం డైరెక్టరమ్మ ఆ రిజిస్టర్ తెరిచింది. ఆ అమ్మాయి వచ్చి నాలుగు నెలలైంది, ముప్పై ఏళ్ళు దాటి ఉండవు. ఎవరినీ గట్టిగా ఒక మాట అనదు. నెమ్మదిగా అడుగుతుంది, అదే ప్రాణం మీదకొస్తుంది.

"బాబాయ్‌గారూ, మే నెలలో మీరు కాలు విరిగి ఆస్పత్రిలో ఉన్నారట కదా?"

"అవునమ్మా, రెండుచోట్ల."

"మే పన్నెండున పెద్దక్కగారు మీ దగ్గర మనసు తేలిక చేసుకున్నట్టుంది."

"ఫోన్లోనమ్మా" అన్నాడు బాబాయ్.

"సరే. ఇది సెప్టెంబరు. అక్టోబరులో కూడా తేలికపడిపోయింది."

బాబాయ్ కిటికీలోంచి ఎదురు షాపు బోర్డు చదవడం మొదలుపెట్టాడు.

"నవంబరు ముప్పై ఒకటిన ఎలా జరిగింది?"

పెద్దక్క గబగబా పిడికిలి ఎముకల మీద నెలలు లెక్కపెట్టుకుంది. నవంబరు గుంటలో పడింది.

"ఆ రోజు సెలవు పెట్టుకుందామనుకున్నాం" అన్నాడు బాబాయ్.

డైరెక్టరమ్మ నవ్వలేదు, అరవలేదు. రిజిస్టర్ మూసి, "గురువారం రెండింటికి మీరిద్దరూ కూర్చుంటున్నారు" అంది. "నేను మూల కూర్చుంటా, మధ్యలోకి రాను. ఈసారి కూడా ఉత్తుత్తిగా అయితే మీ కేసులన్నీ ఆ రోజునుంచే నెల్లాళ్ళు వేరేవాళ్ళు చూస్తారు. మీరు విశ్రాంతి తీసుకోండి."

పెద్దక్క మనసులో లెక్కేసుకుంది. ఆ రోజునుంచే అంటే నాలుగింటి ఆవిడ కూడా వేరేవాళ్ళ దగ్గరికి పోతుంది. వాళ్ళు ఫైలు తెరుస్తారు. కొట్టేసిన "విన్నాను" తప్ప అందులో ఏం ఉండదు. అందరికీ తెలిసిపోతుంది. పోనీ డైరెక్టరమ్మ ఆ కేసు వేరేవాళ్ళకి పంపించకపోతే? అప్పుడు తనే ఆవిడ ఎదుట కూర్చోవాలి, ఆ రెండు చేతులు మళ్ళీ తన చేతులు పట్టుకుంటాయి. ఏది ఎక్కువ భయమో ఆమెకే తేలలేదు.

గురువారం రెండింటికి మూడో నంబరు గదిలోకి ఇద్దరూ వెళ్ళారు. వెళ్ళీ వెళ్ళగానే ఇద్దరూ ఒకే కుర్చీలో కూర్చోబోయారు. అది కౌన్సెలర్ కుర్చీ, గడియారానికి ఎదురుగా ఉంటుంది. నడుములు ఢీకొన్నాయి. కాలు విరిగినవాడు కదా అని పెద్దక్కే తప్పుకుంది. వచ్చినవాళ్ళు కూర్చునే ఏడుపు కుర్చీలో ఇరవై రెండేళ్ళలో ఎప్పుడూ కూర్చోలేదేమో, అది ఇంత పల్లంగా ఉంటుందని ఆమెకి అప్పుడే తెలిసింది.

ఇద్దరూ కొంచెం ముందుకి వంగారు. ఇద్దరూ తల ఓ పక్కకి వాల్చారు.

"చెప్పండి" అన్నారు ఇద్దరూ.

"ముందు మీరు."

"తొందరేం లేదు పెద్దక్కా, మీకు చెప్పాలనిపించినప్పుడే."

"ఊఁ. మీరు మౌనంగా ఉన్నా పర్లేదు బాబాయ్. మౌనం కూడా ఒక మాటే."

"ఊఁ. మీ మౌనం ఏమంటోంది?"

"మీరు మొదలెడతారేమో చూద్దామంటోంది."

"ఊఁ... అలా అన్నప్పుడు మీకెలా అనిపించింది?"

బాబాయ్ టిష్యూ డబ్బాని ఆమెవైపు జరిపాడు. ఆమె ఆయనవైపు జరిపింది. ఆయన మళ్ళీ జరిపాడు. పదకొండు నిమిషాలు గడిచేసరికి డబ్బా బల్లమీద తొమ్మిది ప్రయాణాలు చేసింది. మూల కూర్చున్న డైరెక్టరమ్మ తల దించుకుని ఏదో రాసుకుంటోంది. ఆ పెన్ను చప్పుడు పెద్దక్క చెవుల్లో సుత్తి దెబ్బల్లా పడుతోంది. ఇలా అయితే ఫైలు పోతుంది. ఏదో ఒకటి చెప్పెయ్యాలి. బాధలకి ఏం తక్కువ, తన దగ్గర వేలున్నాయి.

గొంతు సవరించుకుని, "మా అత్తగారు నన్ను గడప దాటనివ్వదు" అని మొదలెట్టింది.

బాబాయ్ కళ్ళు చిట్లించాడు. "మీ అత్తగారు పోయి తొమ్మిదేళ్ళు" అన్నాడు గొంతు తగ్గించి. "ఇది పోయినేడు మీరు నాకు చెప్పిన కేసు."

పెద్దక్క నాలిక్కరుచుకుంది. "అది కాదు. ఈమధ్య లిఫ్టు ఎక్కాలంటే చెమటలు పడుతున్నాయి."

"మనకి లిఫ్టు లేదు. ఆ లిఫ్టు బ్యాంకాయనది."

"చిన్నప్పుడు మా నాన్న మమ్మల్నిద్దర్నీ గదిలో పెట్టి..." అంటూ తనే ఆగిపోయింది. అది కవలపిల్లలది. ఆమెకి కవలా లేదు, వాళ్ళ నాన్న పిల్లల్ని పల్లెత్తు మాట అనని మనిషి. లోపల ఇంకా వెతికింది. ఏది పట్టుకున్నా ఎవరిదో ఒకరిదే. అద్దెకున్నవాళ్ళంతా సామాన్లు వదిలేసి పోయిన ఇల్లులా ఉంది లోపల, ఇంటావిడకి కాలు పెట్టే చోటు లేదు.

"నాదంటూ ఒక్కటైనా లేదా?" అనేసింది పైకి.

బాబాయ్ తల ఊపడం మానేశాడు. వంగినవాడు నిటారుగా కూర్చుని, కేంద్రం గొంతుతో కాక మెట్ల దగ్గర టీ తాగేటప్పటి గొంతుతో, "ఏమైంది పెద్దక్కా?" అన్నాడు.

అప్పుడు చెప్పింది. సోమవారం ఆవిడ ఏడుస్తుంటే తను గ్యాస్ బుక్ చేసుకోవడం, విసుగు, చేతులు పట్టుకోవడం, ఖాళీ ఫైలు, ఉల్లిపాయలు, షాపు. "బిడ్డ పోయిన తల్లి ఎదురుగా కూర్చుంటే నాకు చెప్పు పోయిన సంగతి గుర్తొచ్చింది బాబాయ్. నేను మంచిదాన్ననే అనుకున్నా ఇన్నాళ్ళూ. ఇరవై రెండేళ్ళు అదే నమ్మకంతో బతికా. ఇప్పుడది కూడా లేకపోతే నాకేం మిగిలింది?"

బాబాయ్ ఊఁ అనలేదు.

"నేను ఎక్కాలు చదువుకుంటా" అన్నాడు.

"ఏమిటీ?"

"పిల్లలు చెప్పేది వినలేక. లోపల ఎక్కాలు చదువుకుంటా. మొదట్లో అయిదో ఎక్కంతో సరిపోయేది. బళ్ళో చదివే రోజుల్లో వీపు చిట్లగొట్టినా పందొమ్మిదో ఎక్కం రాలేదు నాకు. పోయినవారం ఒక పాప చెప్తుంటే తడుముకోకుండా వచ్చేసింది, పదిదాకా." నవ్వబోయాడుగానీ మొహం సహకరించలేదు.

అంతలో మూలనుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడైంది. డైరెక్టరమ్మ రాసుకుంటున్న కాగితం మీద అక్షరాలు లేవు, ఒకటే గీతలు. "నేను రోజూ కింద జిరాక్స్ షాపు ముందు పావుగంట నిలబడి పైకొస్తున్నా" అంది. "కాళ్ళు రావు. ఆ షాపాయన జాలిపడి రోజూ నాకు ఏదో ఒకటి జిరాక్స్ తీసిస్తున్నాడు. నా ఆధార్ కార్డు కాపీలు అరవై ఉన్నాయి ఇంట్లో."

పెద్దక్క, బాబాయ్ ఇద్దరూ ఒకేసారి అటు తిరిగి, ముందుకి వంగి, తల పక్కకి వాల్చారు. అలవాటు ఎక్కడికి పోతుంది. వాళ్ళని చూసి ఆ అమ్మాయికి ఏడుపులోనే నవ్వొచ్చింది. బాబాయ్ టిష్యూ డబ్బా తీసుకెళ్ళి ఆమె ఒళ్ళో పెట్టాడు.

మూడున్నరకి ఒక మాట అనుకున్నారు. రేపటినుంచి ఇద్దరికీ వంతులవారీగా నెలేసి రోజులు సెలవు, ముందు పెద్దక్కకి. "నాలుగింటి ఆవిణ్ణి నేను చూస్తా, మీరు ఇంటికెళ్ళండి" అంది డైరెక్టరమ్మ.

"లేదమ్మా. నేను వినలేదని ఆవిడకి నేనే చెప్పాలి."

"చెప్తే ఆవిడ తట్టుకోగలదా?"

"తెలీదు" అంది పెద్దక్క. "నేను విన్నానన్న ఆవిడ నమ్మకం మాత్రం ఉత్తదే కదమ్మా. దాని మీద ఇంకో గంట కూర్చోలేను."

నాలుగింటికి ఆవిడ వచ్చింది. కూర్చుని, సంచీ పక్కన పెట్టి టిష్యూ అందుకోగానే పెద్దక్క చెప్పేసింది. ఈ పనిలో ఒక మాట ఎలా మెత్తగా చెప్పాలో వంద దారులు తెలుసు ఆమెకి. ఒక్కటీ వాడలేదు. "సోమవారం మీరు చెప్పింది నేను వినలేదమ్మా. మనసు ఎక్కడో ఉంది. తప్పు నాది."

ఆవిడ చేతిలో టిష్యూ సగం మడతలో ఆగిపోయింది.

"అస్సలు వినలేదా?"

"మొదటి రెండు నిమిషాలు."

"ఊఁ అన్నారు కదా?"

"అన్నాను. అది దానంతటదే వస్తుంది."

ఆవిడ లేచింది. మొహం ఎర్రబడింది. సంచీ భుజాన వేసుకుని తలుపుదాకా వెళ్ళింది. పెద్దక్క ఆపలేదు, ఏ మొహం పెట్టుకుని ఆపుతుంది? గడియమీద చెయ్యి వేసి ఆవిడ అక్కడే నిలబడిపోయింది. తలుపుతో చెప్తున్నట్టు మాట్లాడింది.

"నేను నోరు తెరిస్తే మా ఆయన టీవీ సౌండు పెంచుతాడు. మా అత్త ఇంక తవ్వకే తల్లీ అంటుంది. మా అక్క నాకంటే ముందే ఏడుపు మొదలెడుతుంది, దాన్ని ఓదార్చేసరికి నా పని అయిపోతుంది. అందుకే ఇక్కడికొచ్చా." వెనక్కి తిరిగింది. "మళ్ళీ మొదటినుంచి చెప్పమంటే వింటారా?"

"వింటాను" అంది పెద్దక్క. "మధ్యలో మనసు జారితే ఆపి చెప్తాను, జారిందని."

ఆవిడ వచ్చి కూర్చుంది. "ఎక్కణ్ణుంచి చెప్పను?"

"ఇంట్లో ఏమని పిలిచేవారు?"

"టీచరమ్మ. ఇంటిల్లిపాదికీ మార్కులు వేసేది. వంటింటి గోడమీద చాక్‌పీసుతో. వాళ్ళ నాన్న గడ్డం గీసుకుంటే పదికి మూడు, గుచ్చుకుంటోందని. నాకు జడ వెయ్యడంలో రెండున్నర. వాళ్ళ నానమ్మ గురకకి పదికి పది. ముసలావిడ ఆ వారమంతా వీధిలో అందరికీ చెప్పుకుంది, ఇంట్లో ఫస్టు నేనేనని. దేంట్లోనో మాత్రం చెప్పలేదు."

పెద్దక్కకి నవ్వొచ్చింది. ఆపుకోవడానికి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, ఆగలేదు, పగలబడి వచ్చింది. బిడ్డ పోయిన తల్లి ఎదుట నవ్వుతున్నానని తెలిసి ప్రాణం చచ్చిపోయింది. "క్షమించండమ్మా, క్షమించండి" అంటూ ఇంకా నవ్వుతోంది.

"నవ్వండి మేడం" అంది ఆవిడ. "అది చేసినవాటికి ఎవరైనా నవ్వి మూడు నెలలైంది. దాని పేరు చెప్తే చాలు, అందరూ ఏడుపు మొహాలే. అది అందర్నీ నవ్వించిన పిల్ల మేడం."

పెద్దక్క కళ్ళు తుడుచుకుంది. అవి నవ్వినందుకు వచ్చిన నీళ్ళో, దేనికొచ్చాయో ఆమె విడదీసి చూసుకోలేదు. "సోమవారం నాకెన్ని మార్కులు వేసేదంటారు?" అనడిగింది.

"సోమవారమా?" ఆవిడ ఆలోచించింది. కూతురి తరఫున ఆలోచిస్తోంది కాబట్టి నిజాయితీగా ఆలోచించింది. "సున్నా. పెద్దది. గోడకి ఆ చివరనుంచి ఈ చివరదాకా."

"ఇవాళ్టికి?"

"ఇప్పుడే అడిగితే ఎలా?" అంది ఆవిడ, చేతిలో టిష్యూని ఉండచుట్టి పక్కన పడేసి. "ఇంకా జ్వరం దాకా రాలేదు మనం."